అప్పు పుస్తకంలో ఉన్న పేరు పాస్‌పుస్తకంలోనూ ఉండాలి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముఖ్యమంత్రులకు,

మీ ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. రాష్ట్రం విడిపోయినప్పుడు నీళ్లు, ఉద్యోగాలు, ఆస్తులు, అప్పులు అన్నీ పంపకానికి వచ్చాయి. పంపకంతో పనిలేకుండా రెండు రాష్ట్రాలకూ సమానంగా మిగిలిన సంపద మహిళా సంఘాలు. సమానంగా మిగిలిన లోటు కూడా ఒకటుంది. ఆ సంఘాల్లోని లక్షల మంది ఆడవాళ్లు నాట్లు వేసి, కలుపు తీసి, కోత కోసి పంట ఇంటికి చేరుస్తున్నారు. ఆ పొలం పట్టాదారు పాస్‌పుస్తకంలో మాత్రం వాళ్లలో ఎక్కువమంది పేరు లేదు. ఈ ఉత్తరం దాని గురించే.

కోటి మంది మహిళలను కోటీశ్వరులను చేస్తామని తెలంగాణ ప్రభుత్వం అంటోంది. ఇంటికో పారిశ్రామికవేత్త రావాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అంటోంది. 2047 నాటికి ఎక్కడికి చేరాలో రెండు ప్రభుత్వాలూ దార్శనిక పత్రాలు రాసుకున్నాయి. ఆ మాటల్ని నేను తేలిగ్గా తీసిపారేయను. ముప్పై ఏళ్ల కిందట రోజుకో రూపాయి పొదుపు చేస్తామని నెల్లూరు జిల్లా ఆడవాళ్లు అన్నప్పుడు కూడా దాన్ని నమ్మినవాళ్లు తక్కువే.

ఆ కథ మీకు తెలియనిది కాదు. అయినా ఒకసారి గుర్తు చేస్తాను. 1992లో అదే జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. వాళ్లలో ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఉద్యమం జిల్లా దాటింది. 1993లో ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. సారాకు పోయే డబ్బు ఇంట్లో మిగిలాక, దాన్ని పోగేసుకోవడానికి పొదుపు లక్ష్మి సంఘాలు పుట్టాయి. 1982లో కేంద్రం తెచ్చిన డ్వాక్రా పథకానికి ఇక్కడ ప్రాణం వచ్చింది అలాగే. తర్వాత వెలుగు వచ్చింది, దాని పేరు ఇందిర క్రాంతి పథం అయింది, పట్టణాల్లో మెప్మా వచ్చింది, సంఘాలకు అప్పులిచ్చే స్త్రీనిధి వచ్చింది. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ మొదలైనప్పుడు దేశం చూసి నేర్చుకున్న చోట్లలో మనది ముందు వరసలో ఉంది. మన పల్లెల నుంచి సంఘం అక్కలు బిహార్ దాకా వెళ్లి, భాష రాకపోయినా అక్కడి ఆడవాళ్లను కూర్చోబెట్టి సంఘాలు కట్టించారు. ఇంతమంది పేద ఆడవాళ్లు ఇన్నేళ్లు నిలబెట్టుకున్న వ్యవస్థ దేశంలో అరుదు.

ఆ సంఘం సమావేశంలో ఒక సాయంత్రం కూర్చుంటే విషయం అర్థమవుతుంది. పదిమందీ చాప మీద గుండ్రంగా కూర్చుంటారు. పుస్తకాలు రాసే అమ్మాయి పొదుపు, వాయిదా, వడ్డీ ఒక్కొక్కరిదీ పైకి చదువుతుంది. తీర్మానాల పుస్తకం చేతులు మారుతుంది, అందరూ సంతకాలు పెడతారు. బ్యాంకు ఆ సంతకాలు చూసి హామీగా ఆస్తి ఏదీ అడగకుండా పది లక్షల దాకా అప్పు ఇస్తుంది. ఒకామె వాయిదా తప్పితే మిగతా తొమ్మిది మందీ తలో చెయ్యి వేస్తారు. అప్పు దేనికో రాసే గడిలో పాడి గేదె అని ఉంటుంది, కిరాణా కొట్టు అని ఉంటుంది. మాటల్లో పెట్టి అడగండి. సగం డబ్బు పొలానికే పోయి ఉంటుంది. పత్తి విత్తనాలు కొన్నారు, బోరు దించారు, బోరు మోటారు కాలిపోతే మళ్లీ చుట్టించారు. మిగిలినది పిల్లల కాలేజీ ఫీజుకు పోయింది.

అంటే ఆమె అప్పుతో బోరు పడింది. వాయిదా ఆమె కడుతోంది. బోరున్న చేను భర్త పేరునో మామ పేరునో ఉంది. కొన్ని ఇళ్లలో చనిపోయి పదేళ్లయిన మామ పేరునే ఉంది.

పేరు ఎవరిదైతే ఏముంది, అంతా ఒకే ఇల్లు కదా అనేవాళ్లు ఉన్నారు. మీ ప్రభుత్వాలే ఆ మాట ఒప్పుకోవడం లేదు. తెలంగాణలో రైతు భరోసా సాయం పాస్‌పుస్తకం ఉన్నవాళ్ల ఖాతాలో పడుతుంది. కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్, ఆంధ్రప్రదేశ్‌లో అన్నదాత సుఖీభవ కూడా రికార్డులో ఉన్న పేరునే వెతుక్కుంటూ వెళ్తాయి. బ్యాంకులో పంట రుణానికి వెళ్తే మొదట అడిగేది ఆ పుస్తకాన్నే. పత్తి కొనుగోలు కేంద్రంలోనూ అంతే. తెలంగాణలో 2018 నుంచి రైతు బీమా ఉంది. పట్టాదారు చనిపోతే కుటుంబానికి ఐదు లక్షలు వస్తాయి, మంచి పథకం. కానీ చేలో పురుగుమందు కొడుతూ, పాము కరిచి, పిడుగు పడి ఆమె చనిపోతే? పుస్తకంలో పేరు లేదు కాబట్టి ఆ బీమా లెక్కలో ఆమె రైతు కాదు. ఆమె బతికుండగా పంట ఆమె మీద ఆధారపడింది, చనిపోయాక ఆ పంటతో ఆమెకు సంబంధమే లేకుండా పోయింది.

దేశం మొత్తం మీద చూసినా ఇదే వరస. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం ఆడవాళ్ల చేతిలో ఉన్న కమతాలు సుమారు 14 శాతం. మరోవైపు పనిచేసే లేదా పని వెతుక్కునే ఆడవాళ్ల శాతం పెరిగిందని కార్మిక సర్వేలు చెబుతున్నాయి. పదిహేనేళ్లు దాటిన ఆడవాళ్లలో 2017-18లో 23.3 శాతం ఉన్నది 2023-24కు 41.7 శాతం అయింది. సంతోషించాల్సిన మాటే. అయితే ఆ పెరుగుదలలో పెద్ద భాగం పల్లెల్లోది, సొంత పొలంలోనో సొంత కొట్లోనో చేసే పనిది. అందులో ఎంతోమంది చేతికి జీతమంటూ ఏమీ రాదు. ఇంటిపని దీనికి అదనం. 2019 సమయ వినియోగ సర్వేలో ఇంటి చాకిరీ చేసేవాళ్లలో ఆడవాళ్లు దానికి రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నట్టు తేలింది. ఇంత శ్రమకు లెక్కలో చోటు దొరికింది గానీ ఆస్తిలో దొరకలేదు.

చట్టం లేకనా? ఈ విషయంలో తెలుగువాళ్లు దేశానికి దారి చూపించారు. ఎన్టీ రామారావు ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతోనే వాటా ఇచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అది అమల్లోకి వచ్చింది. కేంద్రం అదే పని చేయడానికి 2005 దాకా, ఇరవై ఏళ్లు పట్టింది. 2005 నాటికి తండ్రి బతికి ఉన్నా లేకపోయినా కూతురి వాటా కూతురిదేనని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తేల్చి చెప్పింది. చట్టంలో ఇక పెద్ద సందు మిగల్లేదు.

ఆగిపోయింది ఇంటి గుమ్మంలో. పెళ్లిలో పసుపు కుంకుమల కింద అరెకరం, ఎకరం రాయడం మనకు పాత ఆచారమే. కానీ చాలాచోట్ల ఆ రాత తెల్లకాగితం మీదే ఉండిపోతుంది. రిజిస్ట్రేషన్ ఉండదు, మ్యుటేషన్ ఉండదు. కట్నం ఇచ్చేశాం కదా, ఇంకా వాటా ఏమిటనే మాట ఇంకా ఎక్కువ వినిపిస్తుంది. ఆ కట్నం ఆమె చేతికి వచ్చిందా అని ఎవరూ అడగరు. తండ్రి పోయాక అన్నదమ్ములు ఆఫీసుకు తీసుకెళ్లి హక్కు వదులుకున్నట్టు సంతకం పెట్టించుకుంటారు. ఆమె పెడుతుంది. తెలియక కాదు. పండక్కి పిలిచే ఇల్లు, మొగుడు కొడితే వెళ్లి తలదాచుకునే ఇల్లు, కూతురి పెళ్లికి మేనమామ నిలబడే ఇల్లు అదొక్కటే. నాలుగు గుంటల భూమి కోసం ఆ గుమ్మం మూసుకుపోతుందని భయపడి పెడుతుంది. ఆ భయం అర్థం లేనిది కాదు. ఆమెకు ధైర్యం చెప్పే ముందు ప్రభుత్వం దాన్ని గౌరవించాలి.

నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇక్కడే ఉంది. ఆడపిల్ల నోరు తెరిచి అన్నను అడగాల్సిన పరిస్థితి ఉన్నంత కాలం ఆ వాటా రాదు. ఆమె అడగకుండా రావాలి. అడగాల్సింది తహసీల్దారు. పట్టాదారు చనిపోయి విరాసత్‌కో మ్యుటేషన్‌కో దరఖాస్తు వచ్చినప్పుడు భార్య, కొడుకులు, కూతుళ్లు అందరి పేర్లూ రికార్డులోకి వాటంతట అవే ఎక్కాలి. ఎవరైనా వదులుకుంటామంటే వద్దనక్కర్లేదు. అయితే ఆ సంతకం అదే రోజు తీసుకోకూడదు. పేరెక్కి ఏడాది గడిచాక, ఆమె ఒంటరిగా వచ్చి చెప్తేనే చెల్లాలి. అప్పుడు ఆమె అన్నతో తగువు పెట్టుకున్నట్టు ఉండదు, ప్రభుత్వం నిబంధన అలా ఉందని చెప్పుకోగలుగుతుంది. తెలంగాణ భూ రికార్డుల్లో ధరణి స్థానంలో 2025లో భూభారతి వచ్చింది. వారసత్వ మార్పిడికి ముందు విచారణకు అందులో చోటు పెట్టారు. ఆ విచారణలో కూతుళ్లను విడిగా పిలిచి మాట్లాడాలని నిబంధనల్లో ఒక వాక్యం చేర్చడానికి కొత్త చట్టం అవసరం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో రీసర్వే పూర్తయిన ఊళ్లలో కొత్త పాస్‌పుస్తకాలు ఇస్తున్నారు. ఇంటి స్థలాల పట్టాలు ఆడవాళ్ల పేరున ఇచ్చిన రాష్ట్రం అది. పొలం దగ్గరకు వచ్చేసరికి ఆ చెయ్యి ఎందుకు వెనక్కి పోతోంది?

భర్త పోయిన మనిషి సంగతి ఇంకా కష్టం. తహసీల్దారు ఆఫీసు వరండాలో ఆమెను మీరు గుర్తుపట్టగలరు. చేతిలో పాలిథీన్ కవరు. అందులో మరణ ధ్రువపత్రం, ఆధార్ కార్డులు, మామగారి నాటి పాత పాస్‌పుస్తకం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కోసం మీసేవలో కట్టిన రశీదు. అత్తింటివాళ్లు సంతకం చేయరు. మరిది ఈ ఏడు చేను తనే దున్నుకున్నాడు. సర్వే నంబరులో సబ్‌డివిజన్ కాలేదని ఒకరు, మూలపత్రం తెమ్మని ఇంకొకరు చెప్తారు. కూలి మానుకుని కాళ్లరిగేలా తిరుగుతుంది. సంఘంలో వాయిదా తేదీ మాత్రం ఆమె కోసం ఆగదు.

ఆమె పక్కన నిలబడి ఆ కాగితాలు చదివి పెట్టేవాళ్లు ఎవరు? ఒకప్పుడు ఉండేవాళ్లు. ఇప్పుడున్న అధికారుల్లో ఎంతమందికి గుర్తుందో తెలియదు గానీ, ఇందిర క్రాంతి పథం రోజుల్లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ఊళ్లలో చదువుకున్న పేదింటి పిల్లల్ని ఏరి పారాలీగల్స్‌గా, కమ్యూనిటీ సర్వేయర్లుగా తయారు చేసింది. రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైన వాళ్లు వాళ్లకు పహాణీ, అడంగల్, ఒకటి-బి చదవడం నేర్పారు. ఆ పిల్లలు మండల ఆఫీసులో రికార్డులు తిరగేసి, పొలం గట్టు మీద గొలుసు పట్టి కొలిచి, సాగులో ఉండి కాగితం లేనివాళ్లను, కాగితం ఉండి భూమి లేనివాళ్లను వెతికి పట్టుకున్నారు. దళిత, గిరిజన కుటుంబాల భూముల జాబితాలు తయారయ్యాయి. మహిళా సమాఖ్య వెనక నిలబడితే, ఊరి కుర్రవాడు ముందు నిలబడి అర్జీ రాసేవాడు. మహిళా సాధికారత ఒక శాఖలో, యువజన సంక్షేమం ఇంకో శాఖలో విడివిడిగా నడవక్కర్లేదని ఆ ప్రయత్నం చూపించింది. అంత మంచి పనిని ప్రాజెక్టుగా నడిపారు తప్ప శాశ్వత ఏర్పాటుగా నిలబెట్టలేదు.

దాన్ని మళ్లీ తెమ్మని అడుగుతున్నాను. ఈసారి మొదటి వరసలో సంఘం సభ్యుల కూతుళ్లు ఉండాలి. రూపాయి పొదుపు చేసిన తరానికి ఇప్పుడు డిగ్రీ, బీటెక్, డిప్లొమా చదివిన ఆడపిల్లలు ఉన్నారు. కొందరు హైదరాబాద్ వెళ్లి అమీర్‌పేట హాస్టళ్లలో కోచింగ్ తీసుకుంటున్నారు. కొందరు నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందా అని ఫోన్ చూస్తూ ఇంట్లో ఉన్నారు. ఇంకా ఎక్కువమందికి ఇరవై రెండేళ్లకే పెళ్లి సంబంధాలు చూస్తున్నారు. చదువు అయిపోయింది, ఊళ్లో చేయడానికి పని లేదు, అందుకని పెళ్లి. ఆ అమ్మాయికి ఆరు నెలలు భూ చట్టాలు, రికార్డులు, సర్వే పరికరాలు నేర్పించండి. డ్రోన్ దీదీ పథకంలో సంఘాల ఆడవాళ్లు మందు కొట్టే డ్రోన్లు నడుపుతున్నారు. రోవర్ పట్టుకుని హద్దులు కొలవడం వాళ్ల కూతుళ్లకు చేతకాదా? తెలంగాణ లైసెన్స్‌డ్ సర్వేయర్లకు శిక్షణ ఇస్తోంది, ఆంధ్రప్రదేశ్ సచివాలయాల్లో గ్రామ సర్వేయర్లున్నారు. ఈ పనుల్లో సగం ఆడపిల్లలకు దక్కాలి. మండలానికి ఇద్దరు ముగ్గురు పారాలీగల్స్ విడిగా ఉండాలి. జీతం ఇచ్చి పెట్టండి. గౌరవ వేతనమని చెప్పి కొద్దిపాటి డబ్బుతో సరిపెట్టే పద్ధతి వద్దు. అంగన్‌వాడీ, ఆశా, గ్రామ సమాఖ్య సహాయకులు ఆ పద్ధతిలోనే పనిచేసి అలిసిపోయారు.

రెండు రాష్ట్రాల్లోనూ ఆడవాళ్లకు బస్సు ఉచితం చేశారు. తెలంగాణలో 2023 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైంది. మండల ఆఫీసుకు వెళ్లడానికి ఇప్పుడు ఛార్జీ అడ్డం కాదు. వెళ్లాక అక్కడ తన మాట వినే మనిషి ఒకరు ఉండాలి. అది ఇంకో ఆడపిల్ల అయితే ఆమె చెప్పలేని మాట కూడా చెప్పగలుగుతుంది.

భూమి ఇస్తే వీళ్లేం చేస్తారని అనుమానించేవాళ్లకు జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ చూపించండి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు బీడు భూముల్ని బాగుచేసి, ఎవరూ పట్టించుకోని రోజుల్లో జొన్న, సజ్జ, కొర్ర విత్తనాలు దాచి, 2008లో మాచనూరులో సొంతంగా కమ్యూనిటీ రేడియో పెట్టుకున్నారు. 2019లో ఈక్వేటర్ బహుమతి వాళ్లను వెతుక్కుంటూ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయం 2024లో గుల్బెంకియన్ బహుమతి పంచుకుంది. ఆ పథకం ఊరూరా నడుస్తున్నది సంఘాల ఆడవాళ్ల మీదే. నేలను బాగుచేయడానికి నాలుగైదేళ్లు ఓపిక కావాలి. వచ్చే ఏడు ఈ చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియని కౌలు రైతు మహిళ ఆ ఓపిక ఎలా పడుతుంది?

ఇల్లాలికి ఆస్తి ఉంటే ఇంటి లోపల ఏం మారుతుందో చెప్పే అధ్యయనం కూడా ఉంది. ప్రదీప్ పాండా, బీనా అగర్వాల్ తిరువనంతపురం జిల్లాలో చేసిన పరిశీలన 2005లో అచ్చయింది. ఏ ఆస్తీ లేని ఆడవాళ్లలో 49 శాతం మంది భర్త చేతిలో శారీరక హింస అనుభవించారు. భూమి, ఇల్లు రెండూ తమ పేరున ఉన్నవాళ్లలో అది 7 శాతం. ఈ అంకెలు ఒక జిల్లావే. అయినా వాటి వెనక కారణం ఏ ఊళ్లోనైనా ఒకటే. వెళ్లిపోవడానికి చోటున్న మనిషి మీద చెయ్యి ఎత్తే ముందు ఆలోచిస్తారు.

కమతాలు ముక్కలైపోతాయనే అభ్యంతరం మీ అధికారులు తప్పకుండా లేవనెత్తుతారు. ముగ్గురు కొడుకులు పంచుకున్నప్పుడు ఈ మాట ఎవరూ అనరు, నాలుగో వాటా కూతురిదైనప్పుడే గుర్తొస్తుంది. వాటా రికార్డులో ఉండి, సాగు ఉమ్మడిగా ఉండొచ్చు. కౌలుకివ్వొచ్చు, అన్నకే ధర కట్టి అమ్మొచ్చు. అప్పుడు ఆ డబ్బు ఆమె ఖాతాలో పడుతుంది. భార్యాభర్తల ఉమ్మడి పట్టా అంటే కొత్త వింతేమీ కాదు. 2006 అటవీ హక్కుల చట్టం పోడు భూమి పట్టాను ఇద్దరి పేరునా ఇవ్వాలని ఎప్పుడో చెప్పింది. ఆదివాసీ ఆడపిల్లలకు సమాన వాటా ఉండాలని 2025 జులైలో సుప్రీంకోర్టు కూడా తీర్పు చెప్పింది. అడవిలో పోడుకు వర్తించిన న్యాయం మైదానంలో అసైన్డ్ భూమికి, ప్రభుత్వం కొని ఇచ్చే భూమికి వర్తించాలి. తెలంగాణ వచ్చిన కొత్తలో దళిత మహిళల పేరున మూడెకరాలు ఇచ్చిన పథకం అందిన ఇళ్లు కొద్దివే. ఆ దారి మంచిదే, మధ్యలో వదిలేశారు. కొనుగోళ్ల విషయంలో ఢిల్లీ, హరియాణా ఆడవాళ్ల పేరున రిజిస్ట్రేషన్‌కు స్టాంపు డ్యూటీ తగ్గించాయి. 2024 జులై బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి కూడా రాష్ట్రాలను అలా తగ్గించమని కోరారు. భార్య పేరు కాగితం మీదకు రావడానికి డబ్బు ఆశ కారణమైనా నాకు అభ్యంతరం లేదు, పేరు రానివ్వండి.

ఇది తొందరగా జరగాలని ఎందుకు అంటున్నానంటే, ఆస్తి లేని చేతికి అప్పు ఎక్కువగా ఇస్తే ఏమవుతుందో 2010లో చూశాం. మైక్రోఫైనాన్స్ కంపెనీలు ఒకే ఇంటికి మూడు నాలుగు అప్పులిచ్చి, వారం వారం గుమ్మం ముందు కూర్చుంటే ఎన్ని ప్రాణాలు పోయాయో, ఆ అక్టోబరులో ఎందుకు ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చిందో మీకు తెలుసు. ఇప్పుడు ఫోన్లలో అప్పుల యాప్‌లు వచ్చాయి. సంఘాల రుణ లక్ష్యాలు ఏటా పెంచుతూ పోతే సరిపోదు, ఆ అప్పును మోసే ఆస్తి కూడా ఆమె పేరున పెరగాలి.

2026ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది. సభలు, సన్మానాలు, శాలువాలు వద్దనను. వాటితో పాటు ఒక లెక్క చెప్పండి. ప్రతి రెవెన్యూ గ్రామంలో పట్టాదారుల్లో ఆడవాళ్లు ఎంతమంది, వాళ్ల పేరున ఎన్ని ఎకరాలు ఉన్నాయి, గడచిన ఏడాది వారసత్వ మ్యుటేషన్లలో ఎంతమంది కూతుళ్ల పేర్లు చేరాయి, ఎంతమంది వదులుకున్నారు. ఈ వివరాలన్నీ మీ కంప్యూటర్లలో ఉన్నాయి. గ్రామసభలో చదివించండి, పంచాయతీ గోడ మీద రాయించండి, ఏటా కొత్త అంకె వేయించండి. సంఘంలో పుస్తకాలు రాసే అమ్మాయితోనే ఆ అంకె రాయించండి.

ఇట్లు,
మహిళా సంఘాల మధ్య తిరిగే ఒక పాత్రికేయురాలు